వెనుక అట్ట మీది రాజకీయం

అచ్చుకాని 30 పేజీలు ఒక పుస్తకం చుట్టూ 30 ఏళ్లపాటు కుతూహలాన్ని నిలబెట్టిన సందర్భం మన రాజకీయ చరిత్రలో ఉంది. మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఉర్దూలో చెబుతుండగా హుమాయున్ కబీర్ ఇంగ్లిషులో రాసిన 'ఇండియా విన్స్ ఫ్రీడమ్' 1959లో వెలువడింది. అప్పటికి ఆజాద్ కన్నుమూసి దాదాపు ఏడాది. సుమారు 30 పేజీలను మాత్రం ముద్రించకుండా, సీలు వేసి, కలకత్తా నేషనల్ లైబ్రరీలోనూ ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ భద్రపరిచారు. ఆజాద్ 30వ వర్ధంతి వరకు వాటిని తెరవరాదన్నది షరతు. వాటిలో ఉన్నవి ప్రధానంగా వ్యక్తిగతమైన సంఘటనలు, ఆలోచనలేనని కబీర్ ముందుమాటలోనే స్పష్టం చేశారు. ఆ వివరణను పట్టించుకున్నవారు తక్కువ. సీలు చేసిన వాగ్దానమే లోకానికి గుర్తుండిపోయింది.

కోర్టు వివాదం దాటుకుని 1988లో సంపూర్ణ ప్రతి వచ్చింది. సహచరుల మీద, ముఖ్యంగా నెహ్రూ మీద, విమర్శ పదునెక్కిన మాట నిజమే. అయితే దేశ విభజన చరిత్రను తలకిందులు చేసే రహస్యమేదీ అందులో కనిపించలేదు. కేబినెట్ మిషన్ ప్రణాళికపై 1946 జూలై 10న నెహ్రూ విలేకరులతో అన్న మాటలు ఎంత అనర్థం తెచ్చాయో ఆజాద్ 1959 నాటి ప్రతిలోనే చెప్పారు. అసలు బరువైన సాక్ష్యం అందరి చేతుల్లోనూ ఉండగా, చూపులు మాత్రం సీలు మీద నిలిచాయి.

పుస్తకాన్ని కొనిపించేందుకు అట్ట మీద రాసే నాలుగు మాటలను ఇంగ్లిషులో 'బ్లర్బ్' అంటారు. 1907లో అమెరికన్ హాస్యరచయిత జెలెట్ బర్జెస్ తన పుస్తకం అట్ట మీద బెలిండా బ్లర్బ్ అనే కల్పిత యువతి బొమ్మ వేయించి, ఆమె ఎలుగెత్తి పుస్తకాన్ని పొగుడుతున్నట్టు చూపించాడు. ప్రచురణకర్తల అతిశయోక్తిపై వేసిన ఆ వెక్కిరింతే కాలక్రమంలో వృత్తిపదంగా స్థిరపడింది. తెలుగులో ఈ పనిని చాలాకాలం పెద్దల పీఠికలూ, అభిప్రాయాలూ, ఆశీస్సులూ చేశాయి.

నవలను పరిచయం చేసేవారు కథలోని ఆసక్తిని చూపితే చాలు. స్వీయచరిత్రకు అది చాలదు. ఈ మనిషి మాట ఎందుకు వినాలి అన్న ప్రశ్నకు అక్కడ జవాబు ఉండాలి. అందుకు రెండు దారులున్నాయి. ఈయన ఆ చోట ఉన్నాడు, ఆ నిర్ణయంలో పాలుపంచుకున్నాడు అని చెప్పడం ఒకటి. ఎవరికీ తెలియని గుట్టు విప్పుతున్నాడని ఊరించడం రెండోది. మొదటిది సాక్ష్యాన్ని అమ్ముతుంది, రెండోది రహస్యాన్ని.

స్వాతంత్ర్యోద్యమ తరం మొదటి దారినే నడిచింది. 1925 నుంచి 1929 దాకా 'నవజీవన్' పత్రికలో ధారావాహికగా సాగిన ఆత్మకథకు గాంధీ 'సత్యంతో నా ప్రయోగాలు' అని పేరు పెట్టారు. తాను చేసిందేమిటో, చదువరి ఎదురుచూడవలసిందేమిటో ఆ పేరులోనే ఉంది. 1934-35లో జైలులో రాసిన నెహ్రూ ఆత్మకథ 1936లో లండన్‌లో అచ్చయింది. ఉద్యమం గురించి రాస్తున్న మనిషి ఆ ఉద్యమం కోసమే జైలులో ఉన్నాడన్న వాస్తవాన్ని మించిన సిఫారసు దానికి అక్కరలేకపోయింది.

అత్యవసర పరిస్థితి ముగిశాక రెండో దారి రాచబాట అయింది. నెహ్రూ దగ్గర ప్రత్యేక సహాయకుడిగా పనిచేసిన ఎం.ఓ. మథాయ్ జ్ఞాపకాలు 1978లో, జనతా పాలనలో వచ్చాయి. అందులో 'షీ' అన్న అధ్యాయానికి శీర్షిక ఉంది, అధ్యాయం లేదు. రచయిత చివరి క్షణంలో దాన్ని ఉపసంహరించుకున్నారని ప్రచురణకర్త గమనిక మాత్రం ఉంది. ఆజాద్ విషయంలో దాపరికానికి ఒక షరతు, ఒక గడువు ఉన్నాయి. ఇక్కడ మిగిలింది ఊరింపు ఒక్కటే. లేని అధ్యాయం మీద జరిగిన చర్చలో నెహ్రూ కార్యాలయం ఎలా పనిచేసిందన్న ప్రశ్న వెనక్కి పోయింది.

ఈ బాటలోకి రాని అపురూపమైన ఉదాహరణ తెలుగువాడైన పి.వి. నరసింహారావుది. 1998లో ఆయన తన రాజకీయ అనుభవాన్ని 'ది ఇన్‌సైడర్' అనే నవలగా ప్రకటించారు. అఫ్రోజాబాద్ అనే రాష్ట్రమూ, ఆనంద్ అనే నాయకుడూ కల్పితాలే అయినా, చదివినవారు ఆంధ్రప్రదేశ్‌నూ పి.వి.నీ వాటిలో వెతుక్కున్నారు. బాబ్రీ మసీదు కూల్చివేతపై ఆయన రాసిన పుస్తకం మరణానంతరం 2006లో గాని రాలేదు. మాట్లాడవలసిన కాలంలో మౌనం వహించారన్న విమర్శకు ఇది బలమిస్తుంది. కానీ ఆ నిర్ణయాల మీద తన వాదనను సంచలనపు సరుకుగా మార్చలేదన్నదీ అంతే నిజం.

2014 తరువాత అట్ట మీది మాట ఎన్నికల మాట కూడా అయింది. ప్రధాని మన్మోహన్ సింగ్‌కు 2004 నుంచి 2008 వరకు మీడియా సలహాదారుగా ఉన్న సంజయ బారు పుస్తకం 2014 ఏప్రిల్‌లో, లోక్‌సభ ఎన్నికల నడుమ విడుదలైంది. 'ది యాక్సిడెంటల్ ప్రైమ్ మినిస్టర్' అన్న పేరే పూర్తిస్థాయి బ్లర్బ్. లోపలి పేజీల్లో మన్మోహన్ పట్ల, ముఖ్యంగా అణు ఒప్పందం నాటి పట్టుదల పట్ల, బారుకున్న గౌరవం ఆ రెండు పదాల్లో ఇమడలేదు. వేదికల మీదికి ఎక్కింది ఆ రెండు పదాలే. 2019 ఎన్నికలకు ముందు అదే పేరుతో సినిమా కూడా వచ్చింది.

ప్రణబ్ ముఖర్జీ చివరి సంపుటం ఇంకా స్పష్టమైన పాఠం. ఆయన మరణించిన కొద్ది నెలలకు, 2020 డిసెంబరులో, ప్రచురణకర్తలు కొన్ని భాగాలను ముందుగా విడుదల చేశారు. 2004లో తానే ప్రధాని అయి ఉంటే 2014 ఓటమి తప్పేదని కాంగ్రెస్‌లో కొందరు భావించారని ఆయన రాశారు. ఆ అభిప్రాయంతో తాను ఏకీభవించడం లేదని కూడా ఆ వెంటనే రాశారు. తాను రాష్ట్రపతి అయ్యాక పార్టీ నాయకత్వం దిశ కోల్పోయిందన్నది ఆయన స్వంత అంచనా. చర్చలో కొందరి ఊహ ముందుకు వచ్చింది, ఆయన నిరాకరణ వెనకబడింది. కుమారుడు ప్రచురణ ఆపమన్నారు, కుమార్తె అడ్డుపడవద్దన్నారు. 2021 జనవరిలో పుస్తకం వచ్చేసరికి తీర్పులు చాలావరకు వెలువడిపోయాయి.

ప్రచురణకర్త పుస్తకం అమ్ముకోవడం తప్పు కాదు. అమ్ముడుపోని సాక్ష్యం చరిత్రకూ అందదు. అయితే అట్ట మీది మాట రచయిత ఏ పదవిలో, ఏ ఏళ్లలో, ఏ నిర్ణయానికి ఎంత దగ్గరగా ఉన్నాడో చెప్పాలి. తన పాత్రను అతడు ఎంతవరకు ప్రశ్నించుకున్నాడో సూచించాలి. ఒక వాక్యాన్ని ఎత్తి చూపితే దాని తరువాతి వాక్యాన్నీ చూపాలి. ఇంత చేసినా ఆసక్తి తగ్గదు. ప్రధాని గదిలో నాలుగేళ్లు కూర్చున్న మనిషి ఏం చూశాడన్నది చాలినంత పెద్ద ఆకర్షణ.

ఆ పని ప్రచురణకర్త చేయనప్పుడు భారం పాఠకుడి మీద పడుతుంది. ఎన్నికల వేళ ముందస్తు భాగాలు పత్రికల్లో కనిపించినప్పుడు, ఆ వాక్యం పుస్తకంలో దేని తరువాత, దేని ముందు ఉందో అడగడం పౌరుడి పనుల్లో ఒకటి.