కేసరి వేయని ప్రకటన

1920 జనవరి 31న బొంబాయిలోని పరేల్ నుంచి 'మూక్‌నాయక్' అనే మరాఠీ పక్షపత్రిక మొదలయింది. మూగవాళ్ళ నాయకుడు అని ఆ పేరుకు అర్థం. సంపాదకుడిగా పేరు పాండురంగ్ నందరామ్ భట్కర్‌ది. వెనకుండి నడిపింది సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెబుతున్న 28 ఏళ్ళ అంబేద్కర్. ప్రభుత్వ కాలేజీ ఉద్యోగి కాబట్టి ఆయన పేరు వేసుకునే వీలు లేదు. పెట్టుబడికి కొల్హాపూర్ రాజు సాహూ మహరాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు ఆసరా అయ్యాయి.

కొత్త పత్రిక వస్తోందని నలుగురికీ తెలియాలి గదా. అందుకని పూనాలోని 'కేసరి'కి ఒక ప్రకటన పంపారు. ఉచితంగా వెయ్యమని అడగలేదు, డబ్బు కడతామన్నారు. కేసరి వెయ్యనంది. ఈ సంగతి తరవాత 'బహిష్కృత్ భారత్'లో అంబేద్కరే రాశాడు. అప్పటికి తిలక్ బతికే ఉన్నాడు. ఆయన చనిపోయింది అదే ఏడాది ఆగస్టు 1న. ఆ రోజు సంపాదకుడి కుర్చీలో ఎవరు కూర్చున్నా కేసరి అంటే తిలక్ పత్రికేనని దేశానికంతా తెలుసు.

ఇది చిన్న విషయం కాదా, దీని మీద ఇంత చర్చ ఎందుకు అని కొందరు మిత్రులు అడగవచ్చు. సంపాదకీయంలో ఏం రాయాలన్నది పత్రిక ఇష్టం. వార్తల్లో దేనికి చోటివ్వాలన్నదానికీ నూరు సాకులు చెప్పుకోవచ్చు. కానీ ప్రకటన అట్లాంటిది కాదు. అది పత్రికలోని అంగడి భాగం, డబ్బిచ్చినవాడికి చోటు దొరికే జాగా. అక్కడ కూడా చోటు లేదన్నారంటే ఆ నిర్ణయానికి అభిప్రాయ భేదం అన్న ముసుగు వెయ్యలేం. మన ఊళ్ళలో హోటలు బయట నిలబెట్టి, విడిగా పెట్టిన గ్లాసులో టీ పోసేవాళ్ళను చూశాం. వాళ్ళు కనీసం డబ్బు తీసుకుని టీ అయినా పోశారు.

పత్రికా స్వేచ్ఛ అనగానే మనకు నేర్పిన పేర్లలో మొదటిది తిలక్. అందులో అబద్ధం లేదు. 1881లో మొదలయిన కేసరి తెల్లవాళ్ళ పాలన మీద నిర్భయంగా రాసింది. రాజద్రోహం కేసులో తిలక్‌కు 1897లో 18 నెలల శిక్ష పడింది, 1908లో ఆరేళ్ళు పడి మాండలే జైలుకు పోయాడు. ఆ ధైర్యాన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. అయితే పాలకుడి ముందు నిలబడే ధైర్యం వేరు, తన వాకిట్లో నిలబడ్డవాడి పట్ల నిజాయితీ వేరు. మొదటిది ఉంది కాబట్టి రెండోది కూడా ఉండే ఉంటుందని మన చరిత్రకారులు లెక్క వేసుకున్నారు. చిక్కంతా ఆ లెక్కలోనే ఉంది.

కేసరి పుట్టిన కొత్తలో కథ ఇట్లా లేదు. కొల్హాపూర్ దివాను మీద రాసినందుకు 1882లో తిలక్, అగార్కర్‌లు పరువునష్టం కేసులో ఇరుక్కున్నారు. ఆ బ్రాహ్మణ యువకుల జామీనుకు 10,000 రూపాయలు పెట్టింది జోతిరావు ఫూలే స్నేహితుడు రామ్‌శేట్ ఉరవణే. శిక్షపడి ఇద్దరూ డోంగ్రీ జైల్లో 101 రోజులు ఉన్నారు. సత్యశోధకులు ఆ రోజు కులం చూడలేదు, పత్రికను చూశారు.

కేసరికి మొదటి సంపాదకుడు అగార్కరే. రాజకీయం ముందా, సంఘ సంస్కరణ ముందా అన్న దగ్గర ఆయనకూ తిలక్‌కూ పడలేదు. 1887లో అగార్కర్ బయటికొచ్చాడు, 1888లో 'సుధారక్' పెట్టాడు. బాల్య వివాహాల మీద, వితంతువుల తలలు గొరిగించే దురాచారం మీద ఆయన రాసిన రాతలు పూనా సనాతనుల ఒళ్ళు మండించాయి. బతికుండగానే ఆయనకు దిష్టిబొమ్మ కట్టి శవయాత్ర తీశారు. 1895లో, నలభై ఏళ్ళు నిండకుండానే ఆయన చనిపోయాడు. ఉదారవాద పత్రికా రచన అంటే ఏమిటో ఆ కొద్ది కాలంలోనే చూపించాడు.

అగార్కర్‌ను గౌరవిస్తూనే ఒక మాట అనుకోవాలి. సుధారక్ చేసిన యుద్ధం ఎక్కువగా అగ్రకులాల ఇంటి లోపలి యుద్ధం. ఆ ఇంటి ఆడవాళ్ళ కన్నీళ్ళు నిజమైనవి, వాటిని పత్రికకెక్కించడం గొప్ప పనే. కానీ ఇంటి వెనక పాకీ పని చేసేవాళ్ళ దగ్గరికి, ఊరవతల మహర్‌వాడ దగ్గరికి వచ్చేసరికి ఆ కలం నడక మందగించింది. ఉదారవాదులు సనాతనుల మీద రాసిన విమర్శంతా చదివినా అంటరానివాళ్ళ గొంతు మనకు అరుదుగానే వినిపిస్తుంది. ఆ గొంతు వినాలంటే 1877లో కృష్ణారావు భాలేకర్ పెట్టిన 'దీనబంధు' వైపు, గోపాల్ బాబా వలంగ్‌కర్ రాతల వైపు, 1908లో శివరామ్ జానబా కాంబ్లే తెచ్చిన 'సోమవంశీయ మిత్ర' వైపు చూడాలి.

తిలక్ సంగతికొద్దాం. బెంగాల్లో ఫూల్‌మణి అనే పదేళ్ళు దాటీ దాటని పిల్ల మొగుడి చేతిలో చనిపోయాక, భార్యతో సంసారానికి కనీస వయసును పది నుంచి పన్నెండుకు పెంచుతూ 1891లో చట్టం వచ్చింది. కేసరి దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. మన మతంలో పరాయి ప్రభుత్వం వేలు పెట్టగూడదన్నది వాదన. మాట పరాయి పాలన గురించే, కానీ కాపాడింది మొగుడి హక్కుని. 1895లో పూనాలో కాంగ్రెస్ సభలు జరిగాయి. అదే పందిట్లో ఏటా జరిగే సంఘ సంస్కరణ సభను ఈసారి జరగనిస్తే పందిరి తగలబెడతామని సనాతనులు బెదిరించారు. తిలక్ నిలిచింది ఆ సభ వద్దన్న పక్షానే. సంస్కరణ సభ వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. 1936లో 'కుల నిర్మూలన' రాసేటప్పుడు అంబేద్కర్ ఈ ఘటన దగ్గర్నుంచే ఎత్తుకున్నాడు.

1899లో కొల్హాపూర్‌లో సాహూ మహరాజ్‌కు వేదోక్త కర్మ చెయ్యడానికి పురోహితుడు ఒప్పుకోలేదు. రాజయినా శూద్రుడేనని, పురాణ మంత్రాలే చాలని అన్నాడు. ఆ గొడవ రెండేళ్ళు సాగింది. 1901లో కేసరి పురోహితుల పక్షాన రాసింది. దాని ఫలితం కేసరి ఊహించలేదు. 1902లో సాహూ తన సంస్థానపు ఉద్యోగాల్లో సగం వెనకబడిన కులాలకు కేటాయించాడు. కేసరి వేదమంత్రానికి పనికిరాడన్న మనిషే, కేసరి ప్రకటనకు పనికిరాదన్న పత్రికకు డబ్బిచ్చాడు.

1917 నవంబరు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. రాజకీయ సంస్కరణలు వస్తున్నాయని తెలిసి అన్ని కులాలూ శాసన సభల్లో చోటు అడుగుతున్న రోజులవి. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న అథణిలో తిలక్ మాట్లాడుతూ, ఈ తెలీలూ కుణబీలూ శాసన సభకు పోయి గానుగ ఆడిస్తారా, నాగలి దున్నుతారా అన్న అర్థంలో ఎగతాళి చేశాడు. సరిగ్గా అదే నెలలో మన బెజవాడలో నవంబరు 4 నుంచి 6 దాకా మొదటి ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. పంచములమనే మాటే మాకు అక్కర్లేదు, ఈ నేల మొదటి మనుషులం మేమేనని ఆయన చెప్పాక, అది ఆది ఆంధ్ర మహాసభ అయింది. సభ జరిగిన మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. ఎవరైనా గుడిలోకి వస్తామన్నారా? లేదు. ఊళ్ళోకి వచ్చారు, అంతే. ఒక చోట చట్టసభ తలుపు, ఇంకో చోట గుడి తలుపు. రెండిటికీ గడియ పెట్టిన చేతులు ఒక్క తరగతివే.

తరవాతి ఏడాది మార్చిలో విఠల్ రామ్‌జీ షిండే బొంబాయిలో అంటరానితనం నివారణ సభ జరిపాడు. తిలక్ వచ్చాడు. దేవుడే అంటరానితనాన్ని సహిస్తే అతన్ని దేవుడని ఒప్పుకోనన్న అర్థంలో ధాటిగా ప్రసంగించాడు. ఈ మాటను ఇప్పటికీ కొందరు తిలక్ భక్తులు మన ముందుకు తెస్తుంటారు. ఆ తరవాత జరిగింది మాత్రం చెప్పరు. సొంత జీవితంలో అంటరానితనం పాటించబోమన్న ప్రకటన మీద నాయకులు సంతకాలు పెట్టారు. తిలక్ పెట్టలేదు. వేదిక మీద దేవుణ్ణి నిలదీసిన మనిషి కాగితం మీద పేరు రాయలేకపోయాడు. ఉపన్యాసానికి చప్పట్లు ఖర్చు. సంతకానికయితే కులం ఖర్చు.

ఆ తరవాత రెండేళ్ళకు వచ్చింది మూక్‌నాయక్ ప్రకటన. ఇన్ని సంగతులు చూశాక కేసరి దాన్ని తిరగగొట్టడం ఆశ్చర్యం అనిపించదు. మూక్‌నాయక్ మొదటి సంచికలో అంబేద్కర్ హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల బురుజుతో పోల్చాడు. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే చావాలి. పత్రికల గురించి కూడా అక్కడే రాశాడు. బొంబాయి రాష్ట్రంలో వచ్చే పత్రికల్లో ఎక్కువ భాగం ఏదో ఒక కులం మేలు చూసుకునేవేనని, మిగతావాళ్ళ సంగతి వాటికి పట్టదని ఆయన ఫిర్యాదు. ఆయన లండన్ చదువుకు పోయాక పత్రికను జ్ఞానదేవ్ ఘోలప్ నడిపాడు. 1923లో అది ఆగిపోయింది.

1927 మార్చిలో మహాడ్ చెరువు నీళ్ళు తాగారు. ఏప్రిల్ 3న బహిష్కృత్ భారత్ వచ్చింది. ఈ క్రమం గమనించండి. మహాడ్ మీద పూనా సనాతన పత్రికలు విరుచుకుపడుతున్నాయి, జవాబు చెప్పుకోవడానికి అంటరానివాళ్ళ చేతిలో ఒక్క కాగితమయినా లేదు. సంచిక నింపే పని చాలాసార్లు అంబేద్కర్ ఒక్కడి మీదే పడేది. తిలక్ అంటరానివాడిగా పుట్టి ఉంటే స్వరాజ్యం నా జన్మహక్కు అనేవాడు కాదని, అంటరానితనం పోగొట్టడమే నా జన్మహక్కు అనేవాడని ఆయన రాసింది ఈ పత్రికలోనే. మన దగ్గర భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పెట్టాడు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపాడు. ఇవేవీ పత్రికా రచన మీద మోజుతో పెట్టినవి కావు. ఉన్న పత్రికలు చోటివ్వక పెట్టుకున్నవి.

అదంతా పాతకాలం అనేవాళ్ళ కోసం రెండు లెక్కలు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే ఢిల్లీ జర్నలిస్టు, ప్రభుత్వ గుర్తింపు పొందిన 686 మంది విలేకరుల జాబితా ముందేసుకుని ఒక్క దళితుడి కోసం వెతికాడు. 454 మంది పేర్ల చివర అగ్రకులం తోకలున్నాయి. మిగిలిన 232 మందిలో 47 మందికి ఫోన్ చేశాడు. ఒక్కడూ దొరకలేదు. ఆ సంగతి 'పయనీర్'లో రాశాడు. ముప్ఫై ఏళ్ళ వృత్తిలో తనకు ఈ ప్రశ్న తోచనే లేదని, ఒక అమెరికన్ విలేకరి అడిగితేనే తోచిందని కూడా ఒప్పుకున్నాడు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ సంస్థలు పత్రికల్లో, టీవీల్లో, వెబ్ పత్రికల్లో 121 పెద్ద కుర్చీలు లెక్కబెట్టాయి. 106 కుర్చీల్లో అగ్రకులాల వాళ్ళున్నారు. దళితులు, ఆదివాసులు సున్నా. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. ఒక పక్షమే చంపి ఒక పక్షమే చచ్చిన చోట 'ఘర్షణ' అన్న మాట ఎట్లా దొర్లుతుందో తెలియాలంటే, రాసే బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారో చూడాలి.

తిలక్ చనిపోయాక ఆయన పేరున స్వరాజ్య నిధి పోగుచేశారు. కోటి రూపాయలు పోగుచెయ్యాలని 1921లో తీర్మానించింది మన బెజవాడలోనే, కనకదుర్గ కొండ కిందనే. కోటి దాటింది కూడా. ఆ నిధి నుంచి మంజూరయిన 49 లక్షల 50 వేలలో అంటరానివాళ్ళ పని కోసం ఇచ్చింది 43,381 రూపాయలని అంబేద్కర్ 1945లో లెక్కగట్టి చూపించాడు.

పూనాలో తిలక్ ఉన్న ఇల్లు గైక్వాడ్ వాడా. కేసరి ఆఫీసూ అక్కడే. తిలక్ చిన్న కొడుకు శ్రీధర్‌కు తండ్రి రాజకీయాల మీద కన్నా అంబేద్కర్ మాటల మీద గురి కుదిరింది. అంబేద్కర్ పెట్టిన సమాజ సమతా సంఘంలో చేరాడు. ఆ ఇంటికే చాతుర్వర్ణ్యాన్ని ధ్వంసం చేసే సంఘం అని బోర్డు కట్టాడు. 1928 ఏప్రిల్‌లో ఆ వాడాలోనే అంటరానివాళ్ళతో సహపంక్తి భోజనాలు పెట్టించాడు. అంబేద్కర్ వచ్చి తిన్నాడు. ఎనిమిదేళ్ళ కింద డబ్బిస్తామన్నా ప్రకటన వెయ్యని పత్రిక ఉన్న ఆవరణ అది. కేసరి ట్రస్టీలకూ శ్రీధర్‌కూ అప్పటికే కోర్టు తగాదాలున్నాయి. ఈ భోజనాలతో అవి ఇంకా ముదిరాయి.

మే 25న శ్రీధర్ ఆత్మహత్య చేసుకున్నాడు. ముప్ఫై రెండేళ్ళవాడు. చనిపోయే ముందు రాసిన ఉత్తరాల్లో ఒకటి అంబేద్కర్‌కు చేరింది. దళిత సోదరుల కష్టాలను శ్రీకృష్ణుడి పాదాల దగ్గర చెప్పుకోవడానికి పోతున్నానని అందులో రాశాడు. లోకమాన్య అనే బిరుదు ఎవరికైనా తగుతుందంటే అది శ్రీధర్‌కే తగుతుందని ఆ తరవాత అంబేద్కర్ అన్నాడు.