వానలో చూడాలే అమ్మడూ ఇల్లు

ఇల్లు అద్దెకి తీసుకోవాలంటే ఎండాకాలంలో చూడకూడదే అమ్మడూ. ఎండలో ప్రతి ఇల్లూ బుద్ధిమంతురాలే. జోరున వాన పడుతున్నప్పుడు వెళ్లి గుమ్మంలో నిలబడితే దాని అసలు గుణం బయటపడుతుంది. బెంగళూరు ప్రయాణం పెట్టుకున్నావని నీకిప్పుడు చెబుతున్నాను గానీ, 1967లో మీ తాతగారికి చెప్పేవాళ్లు లేకపోయారు. చెప్పినా వినేవారా అంటే, ఆ సంగతి ఇప్పుడెందుకులే.

ఆయన కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. చుట్టూ నీళ్లు, బడికి వెళ్లాలన్నా తాటిదోనే. వానాకాలం వస్తే చుట్టం రాడు, ఉత్తరం రాదు. అలాంటి మనిషికి ఏలూరు కలెక్టరాఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా పుట్టినప్పటి నుంచీ అప్పట్లో ఏలూరే దానికి ముఖ్య పట్టణంగా ఉండేది కదా, చుట్టుపక్కల ఊళ్లలో నాలుగు ముక్కలు చదువుకున్న ప్రతివాడి కన్నూ ఆ ఆఫీసు మీదే ఉండేది. ‘ఇక జన్మలో నీళ్ల బాధ లేదే’ అని మురిసిపోతూ, కొత్తగా సున్నం కొట్టిన రెండు గదుల వాటా చూసి, అక్కడికక్కడే పాతిక రూపాయలు అడ్వాన్సు చేతిలో పెట్టి వచ్చారు. ఎక్కడనుకున్నావు? తమ్మిలేటి పక్కన, పల్లంలో.

తమ్మిలేరు సంగతి నీకు తెలీదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకా ముళ్లకంపలే. ఎగువన చింతలపూడి వైపు గట్టి వాన పడిందా, ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు వచ్చేస్తుంది. ఊరి దగ్గర రెండు పాయలై, చివరికి పోయి పడేది ఎక్కడో తెలుసా? మా కొల్లేట్లోనే. ఏ నీళ్లని వదిలించుకుని వచ్చామో, ఆ నీళ్లే మా గుమ్మం ముందు నుంచి మా పుట్టింటికి పోతున్నాయన్నమాట! ఆ శ్రావణంలో మంచం మీద మంచం వేసి, పై మంచం మీద బియ్యం డబ్బా పెట్టుకుని కూర్చున్నాం. మీ తాతగారు మాత్రం గోడకేసి చూస్తూ, ‘సున్నం భలే కొట్టాడే’ అన్నారు.

మర్నాడు పాలమనిషి వచ్చి నోరు నొక్కుకుంది. ‘ఒక్క మాట నన్నడిగితే చెప్పేదాన్ని కదమ్మా, ఆ వాటా ఏ ఏడూ వానాకాలం దాటలేదు’ అంది. తర్వాతి ఇల్లు ఆవిడ చూపించిందే, పవర్‌పేటలో. ఏ ఇంట్లో ఎవరు ఖాళీ చేస్తున్నారో, ఏ నూతి నీళ్లు ఉప్పనో, ఏ ఇంటాయన అద్దె కోసం ఒకటో తారీకు తెల్లవారకుండానే తలుపు కొడతాడో పాలమనిషికి తెలిసినంత మునిసిపాలిటీకి కూడా తెలీదు. ఇప్పుడు నీకు పాలు ప్యాకెట్లో వస్తాయి, నిజమే. వాచ్‌మన్ భార్య ఉంటుందిగా, ఆవిణ్ని అడుగు. ఇస్త్రీ బండతన్ని అడుగు. బ్రోకరు మటుకు ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

నవ్వకు. 2022 సెప్టెంబరులో బెంగళూరులో బెల్లందూరు వైపు ఏమైంది? కోట్లు పోసి కొన్న ఇళ్లలోకి నీళ్లొస్తే, కంప్యూటరు ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకి పోయారు. టీవీలో చూసి మా ఈడు కొల్లేటి వాళ్లమందరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. చెరువు జాగాలో మనిషి కూర్చుంటే ఏమవుతుందో మాకు ఒకరు చెప్పాలా? మన కొల్లేరునీ చేపల చెరువులకని గట్లు వేసి ముక్కలు చేసుకున్నాం. 1999లో అయిదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా పక్షుల అభయారణ్యం అన్నారు, 2006లో ఆపరేషన్ కొల్లేరని ఆ గట్లు తెగ్గొట్టారు. అప్పు చేసి చెరువు తవ్వినవాడి కడుపుమంట ఒకటి, నీళ్ల దారి ఒకటి, రెండూ నిజమే. ఆ ఏడాది లంకల్లోంచి పని వెతుక్కుంటూ బయటికి పోయిన కుటుంబాలున్నాయి. అబ్బో, ఇందులో దిగితే నీ రైలు వెళ్లిపోతుంది.

ఏం చెబుతున్నాను? ఆ, పవర్‌పేట ఇల్లు. గదికో బల్బు, రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆర్పెయ్యాలి. రెండో ఆట సినిమాకి వెళ్తే గేటుకి తాళం. వీటన్నిటికీ ముందు ఇంటావిడ అడిగిన అసలు ప్రశ్న, ‘నీసు వండుతారా?’ అని. ముందు ఇంటిపేరు అడిగింది, దాని వెనక అడగాల్సింది నసుగుతూ అడిగింది, ఆ తర్వాత ఇది. మీ తాతగారు ‘ఎప్పుడైనా’ అనబోతుంటే నేనే అడ్డుపడి, ‘కొల్లేటివాళ్లమండీ, కొర్రమేను లేకపోతే మాకు ముద్ద దిగదు’ అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, వంటింటి కిటికీ తమ వైపు తెరవకూడదని షరతు పెట్టి ఒప్పుకుంది. ఏడాది తిరక్కుండా ఆ కిటికీ దగ్గరికే గిన్నె పట్టుకొచ్చి, ‘పిల్లాడు బొమ్మిడాయిల పులుసు కావాలంటున్నాడు’ అనేది. పిల్లాడికి అప్పుడు తొమ్మిదో నెల! నిన్ను కూడా వెజ్జా నాన్‌వెజ్జా అని అడుగుతారట. తినేదేదో మొదటిరోజే చెప్పెయ్. దాచిపెట్టి వండుకున్న కూర వంటికి పట్టదు.

మా తమ్ముడికి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమిషన్ కొట్లో పద్దులు రాసే పని దొరికింది. కర్నూలు ఉల్లిపాయ లారీల మీద వచ్చి గూడెంలో దిగేది. వాడు వెంటనే కాపురం ఎత్తలేదు. ఏలూరు నుంచి సీజన్ టికెట్టు తీసుకుని, దెందులూరు, భీమడోలు, పూళ్ల మీదుగా ప్యాసింజర్లో పోయి వచ్చేవాడు. ‘పిరికివాడు’ అన్నారు మీ తాతగారు. ఆ పిరికివాడికి రైల్లో పేకాట నేస్తాలే ఇల్లు చూసిపెట్టారు, పొయ్యిలోకి పొట్టు ఎక్కడ చవకో చెప్పారు, కొన్నాళ్లకి మరో కొట్లో ఎక్కువ జీతానికి మాటాడిపెట్టారు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని ఊరికే అన్నారా? అంతెందుకు, 2015లో గూడేనికి వచ్చిన నిట్ మాత్రం సొంత భవనాల్లో దిగిందా? మొదట శ్రీ వాసవి ఇంజనీరింగ్ కాలేజీలో తలదాచుకుంది. అంత పెద్ద కాలేజీకి లేని నామోషీ నీకెందుకు? మొదటి రెండు నెలలూ మారతహళ్లిలో ఏదో పీజీలో ఉండు. అక్కడ పప్పుచారు దొరుకుతుందట, తెలుగు వినపడుతుందట. ఆఫీసుకి ఎంతసేపు పడుతుందో నీ కాళ్లకి తెలిశాక ఇల్లు వెతుక్కో.

అడ్వాన్సు మటుకు గుండె రాయి చేసుకుని వినాలి. మా రోజుల్లో ఒక నెల అద్దె ముందిస్తే ఇంటాయన కుర్చీ వేసేవాడు. బెంగళూరులో పది నెలలది ముందు కట్టమనడం పాత అలవాటట. తగ్గించమని అడుగు, అడగందే అమ్మైనా పెట్టదు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెలది పట్టుకుంటారు, అది కాగితంలో ముందే ఎంతని రాయించుకో. ఆ కాగితం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో తెలుసా? ఏడాది దాటేలా రాస్తే రిజిస్ట్రేషన్ చేయించాలి, ఖర్చు. చేరిన రోజునే గోడలన్నీ ఫోన్లో ఫొటో తీసుకో. మీ తాతగారు చూసినట్టు సున్నం ఒక్కటే కాదు, కుళాయిలు, మరకలు కూడా.

ఉద్యోగం సంగతి నాకేం తెలుసంటావా? టైపు లోయరు పాసై, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజిలో పేరు రాయించి, మూడేళ్లకోసారి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ జుట్టు నెరిసినవాళ్లని చూశాను. కార్డు మర్చిపోయి సీనియారిటీ పోగొట్టుకుని ఏడ్చినవాళ్లనీ చూశాను. ఇప్పుడు కొత్త రోగం, లక్షలు కడితే దొడ్డిదారి ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లు. పని ఇచ్చేవాడు జీతం ఇస్తాడే గానీ డబ్బడగడమ్మా. నీకు ఉద్యోగం వచ్చేసిందిలే, కానీ నీ స్నేహితురాలు ఒకతి మొన్న ఏదో అంటోంది చూడు, దానికి చెప్పు.

ఒక్కోసారి కదలకపోయినా అడ్రసు మారిపోతుందిలే. కైకలూరులో మీ చిన్నమామ్మ ఇల్లు అంగుళం జరగలేదు, 2022 ఏప్రిల్లో కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి వచ్చి పడింది. ‘సామాన్లు మోయకుండా ఇల్లు మారాను’ అని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

సరే, శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి రిజర్వేషన్ అయిందా? కింద బెర్తేనా? పచ్చడి సీసా మూత మీద గుడ్డ కట్టి ఇస్తాను, నిలబెట్టి తీసుకెళ్లు. ఇంటావిడ ఎలాంటిదైనా మొదటివారంలో ఒక చిన్న గిన్నెడు ఆవిడకి పంపు. పెద్ద గిన్నె వద్దు, తిరిగి రాదు.