పొత్తు లాటరీ

పదిమంది పొత్తుగూడి లాటరీచీట్లు గొన్నచో లక్ష్మి తప్పక వరించునని కొందఱు తలంతురు. అట్టి పొత్తునకు ఘనవిజయము లభించిన కథ యొకటి ఫ్రాన్సు చరిత్రమున గలదు. అది యెట్లు లభించెనో విచారింతము.

1729వ సంవత్సరము నాటికి పారిస్ నగర ఋణపత్రముల వెల పడిపోయియుండెను. వానిపై ప్రజలకు మరల నాస కల్పింపనెంచి ఆర్థికమంత్రి లెపెల్తియే దెఫోర్ ఒక లాటరీని నడపించెను. పత్రము గలవాడు దాని మొత్తములో వేయింట నొకవంతు చెల్లించి చీటి గొనవచ్చును. గెలిచినవానికి పత్రపు పూర్తి మొత్తము ముట్టును. ఒక చీటికి 5 లక్షల లీవ్రుల పెద్ద బహుమతియు గలదు. 10,000 లీవ్రుల పత్రమునకు చీటివెల 10 లీవ్రులు, 1,000 లీవ్రుల పత్రమునకు 1 లీవ్రు. అయినను పెద్ద బహుమతి విషయమున రెండింటికిని సమానావకాశమే!

గణితజ్ఞుడగు లా కొందమీన్ ఈ పొరపాటును గనిపెట్టెను. వోల్టేరు కవియు, మఱికొందఱును అతనితో గూడిరి. చిన్నపత్రములను విరివిగా సేకరించి నెలనెల గెలిచిరి. వోల్టేరు వంతునకే సుమారు 5 లక్షల లీవ్రులు వచ్చెనందురు. 1730లో మంత్రి అభియోగము దెచ్చెను గాని, వారు నిబంధన నేదియు మీఱలేదని తేలెను. లాటరీ యంతరించెను.

కావున వారిని గెలిపించినది అదృష్టము గాదు. ప్రభుత్వము తప్పిన లెక్క. సామాన్యమగు లాటరీలో వసూలైన సొమ్మంతయు బహుమతులుగా తిరిగిరాదు. చీట్లన్నియు మనమే కొన్నను నష్టమే. పదిమంది చేరినచో అవకాశము పదింతలగును, గెలిచిన సొమ్ము పదివంతులగును. నష్టము మాత్రము తరుగదు. ఆ పదిమందియే ఆ సొమ్మునే నెలనెల పరపతిసంఘమున నిలువచేసికొన్నచో పిల్లల చదువునకైన నక్కఱకు వచ్చును. పొత్తు మంచిదే, పొత్తుగూడి చేయు పనియు మంచిది కావలెను.