చివరి చరణంలో పేరు

కన్నడ హరిదాసు విజయదాసులు 1755లో కార్తీక శుద్ధ దశమినాడు దేహం చాలించింది చిప్పగిరిలో. ఆ ఊరు ఆలూరు అవతల, మా ఆదోనికి దూరమేం కాదు. ఆరాధనకు భజనమండళ్లు వచ్చి పాడుతుంటే నా చెవి చివరి చరణం మీదే ఉంటుంది. ‘విజయ విఠల’ అని వచ్చిందా, పాట ఆయనది. ‘గోపాల విఠల’ అంటే శిష్యుడు గోపాలదాసులది. ‘జగన్నాథ విఠల’ అంటే ఆ శిష్యుడికి శిష్యుడు, మానవి జగన్నాథదాసులది. పాటలో సంతకంలా వచ్చే ఈ పేరునే అంకితం అంటారు. ఎవరికి వారు పెట్టుకున్న పేర్లు కావివి, గురువు ఇస్తేనే అంకితం.

మొబైల్ గేములకు శబ్దాలు కూర్చడం నా పని, అందుకే ఈ పట్టింపు. దాసుల పాటకు రాగం మార్చుకోవచ్చు, రెండు చరణాలు వదిలేయవచ్చు, తంబూరా లేకుండా చిడతలతోనే కానిచ్చేయవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంకితం మాత్రం ముట్టుకోకూడదు. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోది కాబట్టి కన్నడ పాటలు తెలుగిళ్లలోనూ నడిచాయి. మా అవ్వ నోటుపుస్తకంలో అవి తెలుగు లిపిలోనే ఉండేవి, అంకితంతో సహా.

తమ పనిని ఇతరులు వాడుకోనిచ్చేవాళ్ల కోసం క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ 2002 డిసెంబరులో తెచ్చిన లైసెన్సుల్లోనూ మొదటి షరతు అదే: వాడుకో, పేరు చెప్పు. ‘జీరో ఏడీ’ అనే గేము సంగీతానికి ఇంకో షరతు కూడా ఉంది: మార్చి వాడితే, మార్చినదాన్నీ ఇదే ఒప్పందం మీద ఇవ్వాలి. పేర్లేమో గేము చివర్లో జాబితాగా దొర్లిపోతాయి. ఎవరు చదువుతారు? పాటలోనే కుట్టేసిన పేరు అలా జారిపోదు. అలాగని దాసుల పద్ధతికి లోటు లేదనను. ఒకే పాట ఒక ప్రతిలో ఒకరి అంకితంతో, మరో ప్రతిలో ఇంకొకరి అంకితంతో కనిపిస్తుంది. వరుసలకైతే అసలు అంకితమే లేదు. అవి చాలావరకు పోయాయి, ఇప్పుడు వింటున్నవి తర్వాతివాళ్లు కట్టినవి.

చిక్కంతా అక్కడే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకు సాహిత్యం అందరిదీ అవుతుంది. కొత్తగా కట్టిన వరుసకు దాని హక్కు దానిదే, రికార్డింగుకు వేరే హక్కు. మా జట్టులో ఒకరు రథోత్సవం సన్నివేశానికి మంత్రాలయంలో కొన్న సీడీలోంచి ముక్క కోద్దామన్నారు. పాట రెండున్నర శతాబ్దాల నాటిదైనా సీడీ నిన్నమొన్నటిది. కుదరదన్నాను. ఒక భజనమండలి చేత పాత బాణీలో పాడించి, కాగితం మీద ఒప్పుకోలు రాయించుకున్నాం.

శబ్దాలకు ఈ బాధ తక్కువ. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన నాటినుంచీ మోగుతున్న మగ్గం చప్పుడుకు రచయిత ఎవరు? రికార్డు చేసినవాడికే దానిమీద హక్కు. క్రియేటివ్ కామన్స్ వాళ్లదే, 2009లో వచ్చిన ‘సీసీ జీరో’ కింద పెడితే ఆ హక్కూ వదులుకున్నట్టే, పేరు చెప్పాలన్న షరతు కూడా ఉండదు. గుంట మగ్గం దగ్గర మైకు పెట్టాను: కాలు తొక్కగానే దబ్బుమని, నాడె పరుగెత్తి పెట్టెకు తగిలి టక్కుమని, పన్నె లాగితే ధడేలుమని. బాగా వచ్చిందనుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే, పక్క మగ్గం మీది రేడియోలో సినిమా పాట. అది సన్నగా వినిపించినా ఆ ముక్క పనికిరాదు, పాట హక్కుదారు వేరు. రేడియో కాసేపు ఆపమని అడిగాను. ఆపారు గానీ, పాట లేకపోతే చెయ్యి సాగదని నేసేవాళ్లే కూనిరాగం అందుకున్నారు, అదే సినిమా పాట.