నల్లగొండ నీళ్లు, మెడలో నరాలు

నల్లగొండ జిల్లాలోని దేవరకొండ, మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో నడుము వంగి, కాళ్లు బిగుసుకుపోయిన మనుషులు మొన్నమొన్నటి దాకా ఊరూరా కనిపించేవారు. అది ఫ్లోరోసిస్ అనే ఎముకల జబ్బే అయినా, వాళ్లను మంచానికి కట్టిపడేసింది మాత్రం నరాల దెబ్బ. ఈ సంగతి తేలడానికి చాలా ఏళ్లు పట్టింది.

1937లో వైద్య పరిశోధకులు షార్ట్, సి.జి. పండిట్, రాఘవాచారి నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాశారు. నల్లగొండ వంతు 1955లో వచ్చింది. హైదరాబాద్ వైద్యుడు ఎ.హెచ్. సిద్దీఖీ ఈ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆంధ్రప్రదేశ్ అప్పటికింకా పుట్టలేదు. 1970లో ఆయనే మెడ దగ్గరి నరాల దెబ్బ మీద మరో వ్యాసం వెలువరించారు.

ఈ గట్టు నేలల్లోని గ్రానైటు నుంచి ఫ్లోరైడ్ బావి నీళ్లలోకి దిగుతుంది. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు మందమవుతాయి, వెన్నుపూసలను పట్టి ఉంచే బంధకాలు ఎముకల్లా గట్టిపడతాయి. వెన్నుపాము నడిచే సందు ఇరుకవుతుంది. ముందు కాళ్లు బిగుస్తాయి, తర్వాత చేతులు మొద్దుబారతాయి, చివరికి మూత్రం మీద అదుపు పోతుంది. వెన్నుపాము ఎక్కువగా నలిగేది మెడలోనే.

స్కానింగులు లేని రోజుల్లో డాక్టరుకు దిక్కు నరాల స్పందన చూసే చిన్న సుత్తి, ఎక్స్‌రే, వెన్నులోకి రంగుమందు ఎక్కించి తీసే మైలోగ్రామ్. గట్టిపడ్డ బంధకాల మధ్య సూది దూర్చడమే ఒక యాతన. వెన్నుపూసల వెనక భాగం తొలగించి ఒత్తిడి తగ్గించడం ఒక్కటే ఆపరేషన్. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ అనుభవాన్నంతా 1979లో ఒక అంతర్జాతీయ న్యూరాలజీ గ్రంథంలో అధ్యాయంగా పెట్టారు. తర్వాత వచ్చిన సి.టి., ఎం.ఆర్.ఐ.లు నలుగుడు ఏ పూస దగ్గరుందో చూపించాయి గానీ, జబ్బు గురించి తెలుసుకోవాల్సిందంతా ఆ సుత్తి రోజుల్లోనే తెలిసిపోయిందని నా నమ్మకం.

నిజమైన మందు నీళ్లలోనే ఉంది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. దేవరకొండ పక్కనే ఉన్న అక్కంపల్లి జలాశయం నుంచి కృష్ణా నీళ్లు 2004లోనే హైదరాబాద్‌కు చేరాయి. ఇక్కడి ఫ్లోరైడ్ పల్లెలన్నింటికీ నల్లా నీళ్లు ఇస్తామన్న తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ భగీరథకు మాత్రం చౌటుప్పల్‌లో పైలాన్ లేచింది 2015లో. మంచినీళ్లు కొత్త జబ్బును ఆపుతాయి, ఒకసారి ఎముకగా మారిన బంధకాన్ని మాత్రం మెత్తబరచలేవు. అలాంటి పెద్దవాళ్లకు ఇప్పటికీ నరాల డాక్టరే గతి.