అధిక రక్తపోటు - హెచ్చరిక లక్షణాలు

గుండె నుండి వెలువడే రక్తం ధమనుల గోడలపై కలిగించే ఒత్తిడిని రక్తపోటు అంటారు. ఈ ఒత్తిడి ఉండవలసిన స్థాయిని మించి నిలకడగా కొనసాగే స్థితి అధిక రక్తపోటు. దీనిని వైద్య పరిభాషలో హైపర్‌టెన్షన్ అనీ, వాడుకలో బీపీ అనీ అంటారు. చాలామందిలో ఈ వ్యాధి ఏ లక్షణమూ చూపకుండానే సంవత్సరాల తరబడి కొనసాగి గుండె, మెదడు, మూత్రపిండాలు, కళ్ళను దెబ్బతీస్తుంది. అందువలన దీనికి నిశ్శబ్ద హంతకి అనే పేరు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లో వెలువరించిన అంచనా ప్రకారం 30 నుండి 79 ఏళ్ళ వయసు గలవారిలో సుమారు 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉన్నది. వారిలో దాదాపు 46 శాతం మందికి ఆ సంగతి తెలియదు.

రక్తపోటు స్థాయిలు

రక్తపోటును పాదరస మట్టపు మిల్లీమీటర్లలో, రెండు అంకెలతో తెలుపుతారు. గుండె ముడుచుకున్నపుడు ఉండే ఒత్తిడి పై అంకె. దీనిని సిస్టోలిక్ పీడనం అంటారు. గుండె వ్యాకోచించినపుడు ఉండే ఒత్తిడి క్రింది అంకె. ఇది డయాస్టోలిక్ పీడనం.

* 120/80 కంటె తక్కువ: సాధారణ స్థాయి.
* 140/90 లేదా అంతకు మించి, వేర్వేరు రోజులలో కొలిచినపుడు: అధిక రక్తపోటు. అమెరికా హృద్రోగ వైద్య సంఘాలు 2017 నుండి 130/80 నే హద్దుగా పాటిస్తున్నాయి.
* 180/120 కి మించి: ప్రమాదకర స్థాయి.

లక్షణాలపై అపోహలు

"బీపీ పెరిగితే తెలిసిపోతుంది" అనే నమ్మకం ఈ వ్యాధి విషయంలో అన్నిటికంటె ఎక్కువ హాని చేస్తున్నది. తెలుగునాట కోపం వచ్చిన మనిషిని చూసి బీపీ పెరిగిందనడం పరిపాటి. కోపం, ఆందోళన వలన రక్తపోటు తాత్కాలికంగా పెరిగే మాట నిజమే. కాని అధిక రక్తపోటు గలవారు ఎంతో శాంతస్వభావులు కూడా కావచ్చు. ముఖం ఎర్రబడటం, చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం వంటి వాటిని బట్టి ఈ వ్యాధి ఉన్నదనిగాని, లేదనిగాని నిర్ణయించలేము.

తలనొప్పి, తల తిరగడం, ముక్కు నుండి రక్తం కారడం కూడా నమ్మదగిన గుర్తులు కావు. రక్తపోటు బాగా పెరిగిన కొందరిలో ఉదయం పూట తల వెనుక భాగంలో నొప్పి కనిపించవచ్చు. అయితే తలనొప్పి లేనంత మాత్రాన రక్తపోటు అదుపులో ఉన్నట్లు కాదు.

అవయవాలు దెబ్బతింటున్న సూచనలు

రక్తపోటు ఎంతోకాలం అదుపు తప్పి ఉన్నపుడు ఈ క్రింది మార్పులు కనిపించవచ్చు.

* గుండె: ఎడమ జఠరిక గోడ మందమవుతుంది. నడిచినపుడు ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, కాళ్ళ వాపు గుండె బలహీనపడిందనడానికి సూచనలు.
* మూత్రపిండాలు: మూత్రం నురగగా రావడం, రాత్రివేళ పలుమార్లు మూత్రానికి లేవవలసి రావడం. మూత్రంలో ప్రోటీన్ ఉన్నదేమో పరీక్షిస్తే నష్టాన్ని ముందే గుర్తించవచ్చు.
* కళ్ళు: చూపు మసకబారడం. శరీరంలోని రక్తనాళాలను కోత లేకుండా నేరుగా చూడగలిగిన చోటు కంటి వెనుకనున్న రెటీనా. అందుచేత కంటి పరీక్షలోనే కొందరికి ఈ వ్యాధి మొదటిసారి బయటపడుతుంది.

అత్యవసర సంకేతాలు

రక్తపోటు 180/120 కి మించి ఉండి, క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా అది ప్రాణాపాయ స్థితి.

* ఛాతీలో నొప్పి, తీవ్రమైన ఆయాసం
* ఒక్కసారిగా వచ్చిన భరించలేని తలనొప్పి, వాంతులు
* మూతి ఒక ప్రక్కకు వంకర పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడటం
* అకస్మాత్తుగా చూపు తగ్గడం
* మతిస్థిమితం తప్పినట్లు మాట్లాడటం, మూర్ఛ, స్పృహ కోల్పోవడం

పక్షవాతపు లక్షణాలు, ఛాతీ నొప్పి కనిపించినపుడు రక్తపోటు ఎంత ఉన్నదో చూసేవరకు ఆగరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు సేవను వెంటనే పిలవాలి. మెదడులో రక్తనాళం పూడుకుపోవడం వలన వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే మందును సాధారణంగా మొదటి నాలుగున్నర గంటలలోపు ఇవ్వవలసి ఉంటుంది. ఇంటివద్ద నాలుక క్రింద బీపీ మాత్ర పెట్టడం, ఒకేసారి రెండు మూడు మాత్రలు మింగించడం ప్రమాదకరం. రక్తపోటు ఒక్కసారిగా పడిపోతే మెదడుకు అందే రక్తం మరింత తగ్గుతుంది.

అంకె ఎక్కువగా ఉన్నా ఏ లక్షణమూ లేనపుడు కొద్ది నిమిషాలు విశ్రాంతి తీసుకొని మరల కొలవాలి. అప్పటికీ తగ్గకపోతే అదేరోజు వైద్యుని సంప్రదించాలి.

గర్భిణులలో

గర్భం దాల్చిన 20 వారాల తరువాత రక్తపోటు 140/90 కి చేరడం తల్లికీ బిడ్డకూ ప్రమాద సూచన. ముఖం, చేతులు హఠాత్తుగా వాయడం, తగ్గని తలనొప్పి, కళ్ళముందు మెరుపులు, పొట్ట పైభాగాన కుడివైపు నొప్పి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఆలస్యమైతే ఫిట్స్ రావచ్చు. దీనినే పల్లెలలో గుర్రపువాతం అంటారు. కాన్పు తరువాత కొన్ని వారాల వరకు కూడా ఈ ముప్పు ఉంటుంది.

ఇతర వ్యాధుల వలన కలిగే రక్తపోటు

అత్యధికులలో అధిక రక్తపోటుకు ఒకే కారణమంటూ కనిపించదు. చిన్న వయసులోనే రావడం, మూడు రకాల మందులు వాడినా తగ్గకపోవడం వంటి సందర్భాలలో మూత్రపిండాల వ్యాధులు, హార్మోనుల లోపాల కోసం వెతకాలి. తలనొప్పి, చెమటలు, గుండెదడ మూడూ కలిసి విడతలు విడతలుగా వస్తే అడ్రినల్ గ్రంథిలో కణితి ఉండవచ్చు. బిగ్గరగా గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగిపోయేవారిలో కూడా రక్తపోటు పెరుగుతుంది.

చరిత్ర

1896 లో ఇటలీ వైద్యుడు రివా రోచి చేతిపట్టీతో రక్తపోటును కొలిచే పరికరాన్ని రూపొందించాడు. 1905 లో రష్యా వైద్యుడు నికొలాయ్ కొరొట్కాఫ్ స్టెతస్కోపుతో శబ్దాలు వింటూ రెండు అంకెలనూ కొలిచే పద్ధతిని తెలిపాడు.

అదుపు తప్పిన రక్తపోటుకు చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. 1944 మార్చిలో ఆయన రక్తపోటు 186/108. 1945 ఏప్రిల్ 12న తల వెనుక తీవ్రమైన నొప్పి అంటూ ఆయన స్పృహ కోల్పోయాడు. అప్పుడు పై అంకె 300 దాటింది. మెదడులో రక్తస్రావం వలన అదేరోజు మరణించాడు. ఆనాటికి సరియైన మందులు లేవు. భారతీయ వైద్యంలో వాడుకలో ఉన్న సర్పగంధి వేరు రక్తపోటును తగ్గిస్తుందని ముంబై వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949 లో ప్రచురించిన వ్యాసం ప్రపంచ వైద్యుల దృష్టిని ఆకర్షించింది.

గుర్తించే మార్గం

రక్తపోటును గుర్తించడానికి కొలవడం ఒక్కటే మార్గం. కొలిచే ముందు అరగంట వరకు కాఫీ, టీ, పొగత్రాగడం మానాలి. మూత్రవిసర్జన చేసి, వీపుకు ఆనుకొని, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చెయ్యి గుండె మట్టానికి ఉండాలి. రెండుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి. వైద్యుని ఎదుట మాత్రమే పెరిగేవారు, వైద్యుని ఎదుట మాత్రమే సరిగా ఉండేవారు కూడా ఉంటారు కనుక ఇంటివద్ద కొలిచిన అంకెలు ఉపయోగపడతాయి.

భారతదేశంలో 30 ఏళ్ళు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్ష చేస్తారు. 2017 నవంబరులో ప్రారంభమైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమాన్ని మొదట అమలుచేసిన ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి.

రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మందులు వాడుతూ బాగున్నామని అనిపించినంత మాత్రాన వాటిని మానరాదు. బాగుండటం సాధారణంగా ఆ మందుల ఫలితమే.

ఇవి కూడా చూడండి

* రక్తపోటు
* పక్షవాతం
* మధుమేహం
* సర్పగంధి