వేసవి సెలవులు – చదువుల ఎడము

ఏప్రిలు నెలాఖరున బడి తలుపులు మూయుదురు. జూను రెండవ వారమున మరల తెఱతురు. ఈ నడిమి దినములలో ఆఱు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చదువేమగుచున్నదని అడుగువారు అరుదు. ఓరుగల్లు కొత్తవాడను తలచి మేమీ ప్రశ్న నడుగుచున్నాము; ఏలయన దీనికి సమాధానము ఆ సీమ చరిత్రలోనే కలదు.

నిజాము పాలనలో పైతరగతుల బోధన ఉర్దూలో సాగెడిది. 1918 లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును అదియే బోధనభాష. తెలుగుబిడ్డ తన భాషలో చరిత్రయు శాస్త్రమును చదువుకొనవలెనన్న బడి చాలలేదు. ఈ లోటు నెఱిగిన పెద్దలు 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904 లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906 లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, శాస్త్రములను చరిత్రలను తెలుగున ప్రకటించిరి. 1938 లో దేశోద్ధారక గ్రంథమాల నారంభించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు పుస్తకములు మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. బడి ఇయ్యని చదువును బడి వెలుపల సంపాదింపవచ్చునని వీరందఱు చేసి చూపిరి.

నేడు బడిలో తెలుగునకు తావున్నది. కాని వేసవిలో బడియే లేదు. అప్పుడు కలవారి బిడ్డకు ఇంట పుస్తకములుండును, చదివించు పెద్దలుందురు. లేనివారి బిడ్డకు ఆ రెండును కఱవు. అమెరికాయందలి అట్లాంటా నగరమున ఆఱు, ఏడు తరగతుల పిల్లలను పరిశీలించి బార్బరా హేన్స్ అను విదుషి 1978 లో ఒక గ్రంథము ప్రకటించినది. కలిమిలేముల వలని చదువు వ్యత్యాసము బడి నడచు దినములకంటె వేసవిలోనే హెచ్చుననియు, వేసవిలో పుస్తకములు చదివిన పిల్లలు ముందంజ వేయుదురనియు, అందుకు పౌరగ్రంథాలయము మిక్కిలి తోడ్పడుననియు ఆమె తేల్చినది. మన పెద్దలు అనుభవమున నెఱిగిన సంగతి అచట లెక్కలతో రుజువైనది.

కొత్తవాడ నేతగాండ్ర వాడ. ఓరుగల్లు జంపఖానాలకు 2018 లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి ఇండ్లలో సెలవులనగా పిల్లలకు ఇంటిపని. ఆడపిల్లలకు మఱింత పని. వారిని పని మానుమనుట మా ఉద్దేశము కాదు. ఒకరు కండెలు చుట్టుచుండగా మఱియొకరు కథ చదివి వినిపింపరాదా? పూటకు అరగంట చాలును. పేక తెగిన చోట నేతగాడు వెంటనే ముడివేయును. తెగిన పోగును జూనువఱకు విడిచిపెట్టడు. చదువును అట్లేల విడిచిపెట్టవలెను?

ఇంకొక మాట. సెలవులలో పాఠ్యపుస్తకమునే మరల చేతికిచ్చుట శిక్ష వలె తోచును. కథలుగాని, యాత్రలుగాని, జంతువుల సంగతులుగాని, బిడ్డ కోరినదే ఇయ్యవలెను. చదివినదానిని పరీక్షింపక, భోజనమువేళ చెప్పించుకొని వినవలెను. తల్లికి చదువు రాకున్నను వినుటకు అడ్డులేదు. వినువారున్న బిడ్డ చదువుట మానడు.

పుస్తకములు కొన శక్తిలేదందురా? తెలంగాణమున ఇంటిపన్ను చెల్లించువారు దానితోపాటు గ్రంథాలయపు పన్నును చెల్లించుచున్నారు. కావున గ్రంథాలయము దానము కాదు, మన సొత్తు. సొమ్ము చెల్లించియు గడప త్రొక్కకుండుట మన లోపమే. వారమున కొకనాడు, ఎండ ముదురకముందే, బిడ్డ చేయిపట్టుకొని అచటికి పోవలెను. అచట పిల్లల పుస్తకములు లేకున్న, తెప్పింపుమని అడుగవలెను. పదిమంది అడిగినచో ఆ మాటకు బలము కలుగును.

బడి తమ భాషను ఇయ్యనినాడు మన తాతలు గ్రంథాలయములు కట్టుకొనిరి. కట్టియున్న గ్రంథాలయమునకు బిడ్డను తీసికొనిపోవుటయే నేడు మన వంతు. అంతమాత్రపు పనికి మనము వెనుదీయుదుమా?